ఖాళీ గది గురించి చెప్పిన అబద్ధం

ఆదివారం, బాతెల్, అమెరికా

మొదటి విశ్వాసులు ఉన్నదేదీ తమది అనుకోకుండా అందరితో పంచుకున్నారని ఈ రోజు పాస్టర్‌గారు చెప్పారు. తర్వాత మా చర్చికే వచ్చే రూతు సంగతి ఎత్తారు. ఆమె భర్తకి జాబ్ పోయింది. శనివారానికల్లా అపార్ట్‌మెంట్ ఖాళీ చేయాలి. ఇద్దరు చిన్నపిల్లలు.

"ఒక్క నెల ఎవరైనా వాళ్లని ఉండనిస్తారా?" అని అడిగారు.

అందరూ మా వైపు చూశారు. మా కింది గది ఖాళీ అని అందరికీ తెలుసు.

"మా అత్తగారు వస్తున్నారు పాస్టర్‌గారూ," అన్నారు మా ఆయన. అమ్మకి ఇంకా వీసానే రాలేదు. అయినా నేను తల ఊపాను. రూతు పరవాలేదన్నట్టు నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

కార్‌లో అడిగాను, ఎందుకలా చెప్పారని.

"నెల అంటారు, ఆర్నెల్లుంటారు. అప్పుడు పొమ్మని నువ్వు చెప్తావా?"

ఆ భయం నాకూ ఉంది.

సాయంత్రం ఆయన వింటుండగానే రూతుకి ఫోన్ చేశాను. "అమ్మ రావట్లేదు. మేం అబద్ధం చెప్పాం. గది ఖాళీగానే ఉంది, వచ్చేయండి."

"అన్నయ్యకి ఇష్టమేనా అక్కా?" అంది రూతు.

ఆయన లేచి కింది గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

"శనివారం వచ్చేయండి," అన్నాను.

ఆయన ఇంకా ఆ గదిలోనే ఉన్నారు.