జోడీ లేకుండా దిగేవాడికి నా పడవ దక్కదు

నేను, వయసు అరవై ఒకటి, ఇరవై ఎనిమిదేళ్ళు స్కూబా డైవింగ్ నేర్పినదాన్ని, వెనకాల అందరిచేతా 'కుంటి మేడం' అనిపించుకునేదాన్ని, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, ఒళ్ళు మండిపోతూ రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు. కోపం మాటలు తీసేద్దామని ప్లీడరుగారు రెండుసార్లు అన్నారు. తీయనని నేను మూడుసార్లు అన్నాను.

1. డైవింగ్ స్కూలు, కంప్రెసరు, ముప్పై సిలిండర్లు నా కూతురికి. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యతా దానిదే. అమ్మడూ, తడి సూట్లు ఆరేసే గది కిటికీ మూయకు. ఎన్నిసార్లు మొత్తుకున్నా మూస్తావు, కంపు కొడుతుంది.

2. సిలిండర్లలో గాలి నింపే మేస్త్రీకి నా చేతి గడియారం. కాలు పడిపోయాక నా మీద జాలి చూపించకుండా మామూలుగా విసుక్కున్న మనిషి ఆయనొక్కడే.

3. పడవ నా తమ్ముడికి. షరతు ఏమిటంటే, ఒక్కడి కోసం దాని తాడు విప్పకూడదు. ఇద్దరు దిగాలి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. షరతు తప్పిన రోజు పడవ నా కూతురిది.

వాడికి యాభై ఎనిమిది. తొమ్మిదేళ్ళుగా ఒంటరిగా దిగుతున్నాడు. పైగా ఉపన్యాసాలు! "జోడీ ఉంటే వాడి మీద ఆధారపడి ఇద్దరూ పోతారు. నాకు రెండు సిలిండర్లున్నాయి, గాలీ లోతూ చూపే మీటర్లు రెండున్నాయి, ఇంకో మనిషెందుకు?" అంటాడు. ఏడ్చావులే! వీపు వెనక వల చిక్కుకుంటే నీ రెండో మీటరు వచ్చి కోస్తుందా? లోతులో ఒత్తిడికి, పీల్చే గాలే మత్తెక్కిస్తే, మత్తెక్కినట్టు వాడికి తెలియదురా, పక్కనున్నవాడు మొహం చూసి పసిగట్టాలి. ఈ పాఠం నువ్వే పదేళ్ళు చెప్పావు.

వచ్చే ఆదివారం మునిగిన ఓడ దగ్గర నలభై మీటర్లకు ఒక్కడే దిగుతాడట. వద్దంటే "ఇంకొకరి ఊపిరి నా మెడకు చుట్టుకోవడం నాకొద్దక్కా" అని వెళ్ళిపోయాడు.

4. నా కాలు పడిపోయిన రోజు సంగతి. ఇది ఆస్తి కాదన్నారు ప్లీడరుగారు. తొమ్మిదేళ్ళు దాచుకున్నాను కాబట్టి ఆస్తేనన్నాను.

ఇరవై ఐదు మీటర్ల లోతులో నాకు గాలి అందలేదు. నా జోడీ అయిన మా తమ్ముడు కెమెరా పట్టుకుని తాబేలు వెంట పోయాడు. నేను ఒక్క ఉదుటున పైకి వచ్చాను, ఆ వేగానికి ఒంట్లో గాలి బుడగలు కట్టి కాలు చచ్చుబడింది. అందరికీ తెలిసింది ఇంతే. తెలియనిది ఇది. నన్నడగకుండా పడవకు పసుపు రంగు వేశాడని ముందురోజు వాడితో పోట్లాడాను. దిగేముందు ఒకరి సిలిండరు వాల్వు ఇంకొకరు తిప్పి చూడాలి. వాడు చెయ్యి చాపితే "ముట్టుకోకు" అని కసిరాను. ఆ వాల్వు కొంచెమే తెరిచి ఉంది. పైన ఊపిరి బాగానే ఆడుతుంది, లోతుకు పోతే చాలదు. ఆసుపత్రి నుంచి వచ్చాక, ఎవరూ ముట్టని నా కిట్టు చూసుకుంటే తెలిసింది. సిలిండరు నిండా గాలి ఉంది. సిగ్గుతో నోరు మూసుకుని కూర్చున్నాను.

తాబేలు వెంట పోవడం వాడి తప్పే, దాన్ని మాఫీ చేయను. కానీ మొత్తం తప్పు తనదేననుకుని, ఇంకెవరికీ జోడీగా ఉండే అర్హత లేదనుకుని ఒంటరిగా దిగుతున్నాడు. అందరూ పొగరంటుంటే నేనూ తలాడించాను. ఎంత పాపిష్టిదాన్ని!

5. వీలునామా నా చావు తర్వాతే అమలవుతుందట. వాడు ముందే పోతే ఎవడికి రాసినట్టు? నాలుగో అంశం ఈ రోజే అమలు. సంతకం కాగానే వాడి ఎదుట కూర్చుని నేనే చదువుతాను.

ఒరేయ్, ఆదివారం ఓడ దగ్గరికి కాదు, జెట్టీ పక్కకు రా. ఆరు మీటర్ల వరకూ డాక్టరమ్మ నాకు అనుమతి ఇచ్చింది. నేను దిగుతున్నాను, నా జోడీవి నువ్వే. ముందు నా వాల్వు తిప్పి చూడు. ఈసారి కసరను.

తేదీ: ఈ నెల పద్నాలుగు, గురువారం

(సంతకం) అక్క

సాక్షులు:
నా కాలు చూసే డాక్టరమ్మ
ప్లీడరుగారి గుమాస్తా