దీవెనమ్మ కాళ్ళ కింది రేకు

జమ్మలమడుగు,
జూన్ 10.

పులివెందుల గురవమ్మ గారికి, రిటైర్డు తెలుగు మాస్టారు నతానియేలు వందనాలు.

మీరు ఫోనులో "నాకు చెవుడు, ఏందైనా ఉంటే కాగితం మీద రాయప్పా" అని పెట్టేశారు కనుక రాస్తున్నాను. మీ పాత అంబాసిడర్ కారు అమ్ముతున్నారని కమలాపురంలో విన్నాను. నాకు కార్ల పిచ్చి ఏమీ లేదు. నా భార్య దీవెనమ్మకు తుంటి ఎముక విరిగి, ఆపరేషనై ఐదు నెలలైంది. ఆటో ఎక్కాలంటే నడుము వంచాలి, బస్సుకైతే కాలెత్తాలి. రెండూ ఆమె వల్ల కావు. ఆదివారం గుడికి కూడా పోలేక గడపలోపలే ఉండిపోయి, మాట్లాడటం కూడా తగ్గించేసింది. మొన్న చుట్టాలు తెచ్చిన అంబాసిడర్‌లో మాత్రం కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది.

పాత బండికి కాళ్ళ కింద రేకు తుప్పు పడుతుందట, అదే నా భయం. ప్రొద్దుటూరులో టింకరింగ్ చేసే నా పాత విద్యార్థి రిజ్వాన్ చెప్పినట్టు, ఒక అయస్కాంతం ఈ కవరులో పెట్టాను. బండికి అక్కడక్కడా ఆనించి చూసి, ఉన్నదున్నట్టు రాయగలరు.

ఇట్లు,
నతానియేలు

తా.క.: పోస్టాఫీసులో ఈ కవరు ఇనుప తూకం రాయికి అతుక్కుపోతే ముగ్గురం కలిసి ఊడదీశాం. తెరిచేటప్పుడు జాగ్రత్త.


పులివెందుల,
జూన్ 17.

నతానియేలు అయ్యవారికి గురవమ్మ దండాలు. నేను చెప్తాంటే మా మనవరాలు సుప్రియ రాస్తాండాది.

మీ సూదంటురాయి చేరింది. బండంతా ఆనించి చూసినాం. అన్ని చోట్లా టపీమని అతుక్కుంటాది. ఎనక తలుపుల కింద, ఎనక సీటు కాళ్ళ కాడ మాత్రం ఎంత అదిమినా పట్టలే, జారి పడిపోయింది. అంటే ఆడ తుప్పు మచ్చుకైనా లేదు. మీ ఆమె కూర్చునే చోటు కూడా అదే గదా, మీ అదృష్టం!

ఇంకో మాట. మా ఇంట్లో నుంచి ఎద్దును అమ్మినా కడిగి, కొమ్ములకు రంగు పూసి, బొట్టు పెట్టి పంపుతాం. ఒట్టిగా తోలితే ఇంటికి మర్యాద కాదు. అందుకే బండికి పైనా కిందా మందంగా రంగు పూయించినా. కండ్లు జిగేల్మంటాండాయి.

ఇట్లు,
గురవమ్మ

తా.క.: రాయి మా ఫ్రిజ్జుకు పెట్టినాం. కరెంటు బిల్లు పట్టుకునేదానికి శానా బాగుండాది. తిరిగి అడగొద్దండి.


జమ్మలమడుగు,
జూన్ 24.

అమ్మా గురవమ్మ గారూ, వందనాలు.

మీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. అయస్కాంతం ఇనుమునే పట్టుకుంటుంది. పట్టలేదంటే అక్కడ ఇనుము లేనట్టే! తుప్పు తినేసిన చోట ఎవరో లప్పం మెత్తి సాపు చేసి ఉంటారు. పైగా కొత్త రంగు! పాత బండికి కొత్త రంగు వేశారంటే కింద ఏదో దాస్తున్నారని లెక్క అంటాడు రిజ్వాన్. మిమ్మల్ని అనడం లేదు. దయచేసి బండికి ఇక ఏ మర్యాదా చేయకండి.

ఇట్లు,
నతానియేలు

తా.క.: దీవెనమ్మ మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. ఇంత కంగారులో దేనికి నవ్విందో నాకు తెలియలేదు.


పులివెందుల,
జూలై 1.

అయ్యవారికి గురవమ్మ రాయించేది.

ఏంది మాస్టారూ, అంత మాట అంటిరి? దాస్తాండామా? మేము కుంటి ఎద్దును కుంటిదని చెప్పే అమ్మినోళ్ళం! మా ఇంటాయన పోయి ఆరేండ్లాయ. ఆయన ఉన్నప్పుడు ఆ బండిని బిడ్డ మాదిరి చూసుకున్యాడు. మీ మాటకు రెండు రోజులు నాకు ముద్ద దిగలే.

సరే, మీ అనుమానం మీకుండాది. అందుకని ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తెప్పించి, ఎనక సీటు కాళ్ళ కాడ జానెడు మందం పోయించినా. ఇంక ఏనుగును నిలబెట్టినా కదిలేది లేదు.

ఇట్లు,
గురవమ్మ

తా.క.: సార్, మా జేజికి తెలియకుండా సుప్రియ రాస్తున్నాను. బండి నిజంగానే కదలడం లేదు.


జమ్మలమడుగు,
జూలై 8.

గురవమ్మ గారికి నమస్కరించి రాస్తున్నాను.

మిమ్మల్ని నొప్పించాను, క్షమించండి. మీ మాట మీద నాకు అనుమానం లేదు. భయమంతా దీవెనమ్మ గురించే. ఇంకోసారి పడితే లేవదని డాక్టరు చెప్పాడు. ఆమె కాలు మోపిన చోట నేల ఉండాలి, అంతే. శనివారం రిజ్వాన్ వస్తాడు. సిమెంటు పగలగొడతాడు, రంగు గీకుతాడు. తిట్టకండి.

ఇట్లు,
నతానియేలు

తా.క.: రిజ్వాన్‌ను రాతలో రిపోర్టు ఇమ్మనకండి. తెలుగులో వాడికి ముప్పై ఐదు మార్కులు నేనే వేశాను, మనస్సాక్షిని చంపుకుని.


పులివెందుల,
జూలై 22.

అయ్యవారికి గురవమ్మ వెయ్యి దండాలు.

రిజ్వాన్ వచ్చి సిమెంటు పగలగొట్టినాడు. "రేకు పోయింది పెద్దమ్మా" అన్యాడు. నేను నమ్మలే. "నీకేం తెల్సురా, చూడు" అని ఎనక సీట్లో కూర్చోని ఒక్క తన్ను తన్నినా. అయ్యోరా, కాలు మోకాలి దాకా కిందికి దిగిపాయ! కింద పడుకున్న మా కోడి పెట్టిన కేకకు ఈదిలో జనమంతా వచ్చినారు.

నవ్వులాట కాదు. ఆ తర్వాతి బేస్తవారమే సుప్రియ స్నేహితురాండ్లతో అదే బండిలో కడపకు పోవాల్సింది. ఎనక సీట్లో ముగ్గురు ఆడపిల్లోళ్ళు! మీరు అడగకపోతే నాకు తెలిసేది కాదు. మీ ఆమె కోసం మీరు పడిన భయం నా బిడ్డను కాపాడింది. మీ మేలు బతికినన్నాళ్ళూ మరవను.

రిజ్వాన్‌ను ఈడనే ఉంచుకోని, తలుపుల కిందా కాళ్ళ కాడా కొత్త ఇనుము వేయించినా. మీరు చూసుకునేదాకా ఆ రేకుకు రంగు పూయనియ్యలే. గోచీ లేకుండా సాగనంపినట్టుండాది, ఏం చేసేది.

ఇట్లు,
గురవమ్మ

తా.క.: రిజ్వాన్ పూటకు మూడు సంకటి ముద్దలు తింటాడు. మీరు వేసిన మార్కులు న్యాయమే, మంచోడు.


ఆగస్టు 4, ఆదివారం.

గురవమ్మ గారికి నతానియేలు, దీవెనమ్మ వందనాలు.

కవరు మీద స్టాంపు ఏదని వెతకకండి, అతికించలేదు.

బండిని రిజ్వాన్ నిన్న తోలుకొచ్చాడు. నేను కిందికి దూరి, టార్చి వేసి అంగుళం అంగుళం చూసుకున్నాను. ఈ ఉదయం దీవెనమ్మ తలుపు పట్టుకుని కూర్చుంది, ఒక్కో కాలూ లోపల పెట్టింది, రెండు పాదాలతో రేకును గట్టిగా తొక్కి చూసింది. "బాగుండాది" అంది. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

రిజ్వాన్ గుడి వైపు తిప్పబోతే ఆమె ఆపింది. "గుడి వచ్చే ఆదివారం కూడా ఆడనే ఉంటాది. నేను ఆ పెద్దమ్మను చూడల్ల" అంది.

మీతో ఒక నిజం చెప్పాలి. మీ మొదటి ఉత్తరం రాగానే రిజ్వాన్‌ను పంపి ఉండొచ్చు. పంపలేదు. మీ ఉత్తరం వచ్చిన పూట దీవెనమ్మ నవ్వేది, అన్నం మారు వడ్డించమనేది. ఐదు నెలలు నేనెన్ని తిప్పలు పడినా ఆమె నవ్వలేదు. ఇంకొక్క జవాబు రానీ, ఇంకొక్కటి రానీ అని నేనే సాగదీశాను. మీకు కోపం వస్తే తిట్టండి. ఎదురుగానే ఉంటాం.

ఇప్పుడు మేం మీ ఇంటి ముందే ఉన్నాం. మీరు చేనికి వెళ్ళారట. పక్కింటి ఇందిరమ్మ గారు అటే వెళ్తుంటే ఈ కవరు ఆమె చేతికిస్తున్నాను.

ఇట్లు,
మీ నతానియేలు

తా.క.: అరగంటగా మీ కుక్క మమ్మల్ని బండి దిగనివ్వడం లేదు. నేనూ రిజ్వానూ బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. దీవెనమ్మ మాత్రం కాళ్ళు చాపుకుని, మిమ్మల్ని నిదానంగా రమ్మంటోంది.