ఫీజు పీకే ముందు పిలవాలి

ఏమయ్యా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి మూడేళ్ళు. లైన్‌మేన్‌గా చేసినన్నాళ్ళూ, బిల్లు కట్టనోళ్ళకైనా సరే, గుమ్మంలో నిలబడి పిలిచి చెప్పందే ఫీజు పీకలేదు నువ్వు.

నా ఫోనులో మెసేజీలు మాత్రం చెప్పకుండానే ఆపేశారు. ఒంటరిగా ఉండే ముసలాళ్ళందరికీ రోజూ తెల్లారగానే “లేచారా?” అని పెడతా గదా. ఒకటే మాట అందరికీ పెడుతున్నానని నన్ను మోసగత్తె అనుకుందంట ఆ మెసేజీల యాప్ కంపెనీ. బొల్లాపల్లిలో మీ అక్కకి చెవుడాయె, ఫోను చేస్తే వినపడదు. లేచిందో లేదోనని నాకు ముద్ద దిగట్లా.

మొన్న సోమవారం నరసరావుపేట కలెక్టరాఫీసుకి పోయి అర్జీ పెట్టా. కరెంటాఫీసుకు మల్లే ఈ కంపెనీలకూ కట్టడి ఉండాలి, ఆపేముందు చెప్పాలి, అడగటానికి మనిషి ఉండాలి అని రాశా. గుమాస్తా నవ్వాడు.

“మామ్మా, అదెక్కడి కంపెనీనో. మన మాట వింటదా?”

“మన ఊళ్ళో యాపారం చేసుకోటానికి దారి తెలిసింది గదయ్యా. మన మాట వినటం కూడా నేర్చుకుంటది. తీసుకో.”

రసీదు ఇచ్చిందాకా కుర్చీ వదల్లా.

ఇప్పుడు బొల్లాపల్లి బస్సులో కూర్చుని రాస్తన్నా. ముందు మీ అక్కని కళ్ళారా చూడాలి. వచ్చే సోమవారం మళ్ళీ ఆ గుమాస్తా ఎదురుగానే కూర్చుంటా.