చిక్కటి ఆయిల్, పల్చటి ఆయిల్

మస్తానన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్ననే మన పాత స్పోర్ట్స్ కారు చెన్నై ట్రాకు మీద పందెం పూర్తి చేసింది. గెలవలేదులే. ఇంజిన్ మాత్రం క్షేమం.

గుంటూరు షెడ్డులో ఆ కారుకి నువ్వెప్పుడూ చిక్కటి ఆయిలే పోసేవాడివి. "కారు పుస్తకం చలిదేశంలో రాశార్రా శీనూ. ఎండలు మనవి. చిక్కటి ట్వంటీ ఫిఫ్టీ పోయ్" అనేవాడివి.

ఈసారి ఇంజిన్ విప్పి కొత్త బేరింగులు వేయించాం. ఇంజనీరింగ్ చదివిన నీ కూతురు రజియా కొలతలు చూసి, "బాబాయ్, నాన్న చెప్పింది అరిగిన బేరింగులకి. ఇప్పుడు సందు తగ్గింది. పల్చటి టెన్ ఫార్టీ చాలు" అంది. నీ మాట దాటడానికి నాకు మనసొప్పలేదు. దానికి తెలియకుండా నీ ఆయిలే పోశాను.

ముందురోజు ప్రాక్టీసులో నాలుగు రౌండ్లకే ఆయిల్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. భయపడి రజియా దగ్గర ఒప్పేసుకున్నాను. "నువ్వూ నాన్న పార్టీయేనా!" అంటూ ఆయిలంతా దింపేసి పల్చటిది పోసింది. పందెంలో వేడి పెరగలేదు, ప్రెషరూ పడిపోలేదు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

కారు ఆగగానే రజియా డిప్‌స్టిక్ లాగి, మిర్చి యార్డులో మిరపకాయ నలిపి చూసినట్టు, అచ్చం నీలాగే ఆయిల్ని రెండు వేళ్ల మధ్య నలిపింది.

"నాన్నుంటే తిట్టేవాడు కదా బాబాయ్?"

"తిట్టేవాడే. తర్వాత ఇలాగే నలిపి చూసి నోరు మూసుకునేవాడు."

నవ్వుతూ వేళ్లు చొక్కాకి తుడుచుకుంది. అది నీ ఖాకీ చొక్కా.

నీ శీను