జాడీ మీద కొత్త ముడి

జూన్, సోమవారం రాత్రి

పొద్దున మామిడికాయ తొక్కు జాడీ తెరిస్తే పైన తెల్లగా బూజు పట్టి ఉంది. అత్తమ్మ నా చేతుల వంక చూసింది, అంతే. మధ్యాహ్నానికి జాడీ మూతికి కట్టిన గుడ్డ ముడి మారిపోయింది. ఆ ముడి నాకు విప్పడం వచ్చు, మళ్లీ అలాగే కట్టడం రాదు. నేను జాడీ తెరిస్తే తెలిసిపోవాలి, ఆమెకు కావలసిందీ అదేనేమో.

నేను తడి చేయి పెట్టలేదు. ముక్కలు ఆరబెట్టిన రోజుల్లోనే, నడి మే నెలలో ముసురు పట్టింది. బన్సీలాల్‌పేట్‌లో ఒక్క మిద్దె మీదా చీర ఆరలేదు. ఫ్యాన్ కింద పరిచిన ముక్కల్ని చెమ్మ పోకుండానే జాడీలో వేసింది అత్తమ్మే. ఇప్పుడు ఆ వాన ఎవరికీ గుర్తు లేదు.

నల్గొండ నుంచి అమ్మ ఫోన్ చేసింది. వాళ్ల తొక్కు కూడా పాడైందట. పరుగున వెళ్లి అత్తమ్మకు చెప్పాను.

"తల్లి బిడ్డను ఎనకేసుకొస్తది గదా," అన్నది. "ముప్పై ఏండ్ల సంది పెడుతున్న. ఎన్నడన్న గిట్లయిందా?"

వాతావరణం మారిపోతోందని టీవీలో చెబితే తలూపుతుంది. కానీ నేను కోడలిగా వచ్చినప్పటి నుంచే మే నెలలో ఈ ముసుర్లు. ఆమె లెక్కలో వానా నేనూ ఈ ఇంటికి కలిసే వచ్చాం.

ఇందాక పెరుగు వడ్డిస్తుంటే మా ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"జెర నిజం చెప్పు. తడి చెంచా గిట్ల పెట్టలే గదా?"

చేతులు కొంగుకు తుడుచుకున్నాను. అవి తడిగా లేనే లేవు.