ముక్కు మీద కొమ్ము

శ్రీధర్,

నువ్వుంటే ఈపాటికి ఆఫీసుకి సెలవు పెట్టేసి మ్యూనిక్ రైలెక్కేవాడివి. ఈజిప్టు ఎడారిలో దొరికి, మ్యూనిక్ మ్యూజియంలో ఉండి, యుద్ధంలో బాంబులకి నాశనమైపోయిన నీ మాంసాహార రాక్షసబల్లి గుర్తుందా? "ఎముకలే పోయినయ్, ఇంక దాని కథ ఖతం" అని మన పెళ్ళైన కొత్తలో కంచం ముందు కూర్చుని బాధపడ్డావు. ఖతం కాలేదోయ్! ఆ ఎముకల పాత ఫొటోలు బయటపడ్డాయి. వాటిని శ్రద్ధగా చూస్తే, అది ఇన్నాళ్ళూ అందరూ అనుకున్న జంతువే కాదట. దాదాపు పది మీటర్ల పొడవు, ముక్కు మీద కొమ్ము! టామెరీరాప్టర్ అని కొత్త పేరు కూడా పెట్టారు.

ఈ సంగతి చెప్పగానే మన ఇరా సోఫా మీద ఎగిరి గంతేసింది. నువ్వు పోయేటప్పటికి దానికి రెండేళ్ళు. నీ గొంతు గుర్తులేదు. వెంటనే నా ఫోన్ లాక్కుని, ఫ్రాంక్‌ఫర్ట్ మ్యూజియంలో తీసిన నీ ఫొటోలు పెద్దవి చేసి, వాటిలో కూడా ఏం దాగుందోనని వెతకడం మొదలుపెట్టింది.

"మమ్మీ, గుక్ మాల్, చూడు! అన్నిట్లో పాపా నోరు తెరిచే ఉంది!" అని తన జర్మన్ కలిపిన తెలుగులో అరిచింది.

నిజమే. "ఫొటోకన్నా నోరు మూస్కో" అని ఎన్నిసార్లు తిట్టానో నీకు తెలుసు.

"పాపా ఏం చెప్తుండె?"

కెమెరా పట్టుకుని అవన్నీ విన్నది నేనే కదా! దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీలాగే చేతులూపుతూ అందుకున్నాను: "టీ-రెక్స్ అందరికీ ఎరుకే గానీ, బిడ్డా..."