కొలతకు అందనంత

మార్చి 9. పొద్దున్నుంచి ముసురు. వంటగది కుళాయికి వాషర్ మార్చాను. కారడం ఆగింది.

ప్రియమైన అక్కకు,

ఈ నెలాఖరుకు నీ మరదలు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరవుతోంది. ఆ సాయంత్రం అక్కడి క్యాంటీన్‌లోనే విందు. నర్సులందరిదీ తలా ఒక భాష కాబట్టి ప్రసంగాలన్నీ ఇంగ్లీషులో. ఇంట్లోవాళ్లు ఎవరైనా ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలట.

"నాన్న చెప్తాడా?" అంది నీ మేనకోడలు, భోజనాల దగ్గర.

"మీ నాన్నా? లిఫ్టు బాగుచేసి వచ్చినట్టు 'అంతా సరిగ్గా ఉంది' అని కూచుంటారు. నువ్వే చెప్పు తల్లీ" అంది నీ మరదలు.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అక్కా, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆమె డ్యూటీ నుంచి వచ్చే వేళకు ఇన్నేళ్లూ తలుపు తీసింది నేను. ఆమె ఎలాంటి మనిషో ఇంకొకరు చెబితే నేను వినాలా? "నేనే చెప్తాను" అన్నాను. ఇద్దరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి.

నా ఇంగ్లీషంతా లిఫ్టుల పుస్తకాల్లో నేర్చుకున్నదే కదా. అందులో మెచ్చుకోళ్లు ఉండవు. అందుకని పాత పుస్తకాల కొట్లో ఒకటి కొన్నాను. అందులో ఒక అధ్యాయమంతా దేన్నయినా హద్దు దాటించి చెప్పే మాటలే. ఇంగ్లీషువాళ్లూ మనలాంటివాళ్లే అక్కా. మనం కడుపు చెక్కలయ్యేలా నవ్వితే వాళ్లు తల ఊడిపడేలా నవ్వుతారు. సంతోషమొస్తే చంద్రుడి మీదుగా దూకేస్తారు. కష్టపడితే వేళ్లు అరిగి ఎముక తేలాల్సిందే.

చిక్కేమిటంటే, జరిగినదాన్ని జరిగినంతే రోజూ రాసుకునే అలవాటు నాది. చినుకు పడితే కుంభవృష్టి అని రాయలేను. ఈ మాటలు ఆమెకు తొడిగి చూస్తుంటే ఒక్కటీ ఒంటికి సరిపోవడం లేదు. అన్నీ వదులే. వదులుగా ఉన్నవి చదివితే నీ మరదలు నా మొహం చూసే పట్టేస్తుంది. పోనీ మానుకుందామంటే, ఆమె అన్నదే నిజమవుతుంది. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు,
నువ్వు పెట్టిన పేరుతోనే,
మౌనస్వామి


ఏప్రిల్ 2. మంచి ఎండ. దుప్పట్లు ఉతికి ఆరేశాను.

ప్రియమైన అక్కకు,

"నీ మొహంలే, కొలిచి చెప్పడం ఒక్కటేగా నీకొచ్చింది, అదే చెయ్యి" అని నువ్వు రాసిన ముక్క జేబులో పెట్టుకునే వెళ్లాను.

నా వంతు రాగానే లేచి నిలబడ్డాను. ముందు వరసలో డాక్టర్లు, వెనక నర్సులు, వంటగది గుమ్మంలో గరిటెతో వంటమనిషి. మొదలుపెట్టాను.

"వేళ్లు అరిగి ఎముక తేలేదాకా పనిచేసిందని అంటారు. నేను చూశాను. ఎముక కనబడలేదు. సబ్బుకూ మందునీళ్లకూ చర్మం పగిలి ఉంది, అంతే. ఆ పగుళ్లకు లేపనం రాసేది నేనే కాబట్టి ఇది కచ్చితమైన సమాచారం."

అందరూ నవ్వారు. ఒక చిన్న నర్సు మాత్రం తన చేతులు తిప్పి చూసుకుంది.

"ఆమె ఓపికకు అంతు లేదని ఇందాక పెద్ద డాక్టరుగారు అన్నారు. ఉందండీ. మా గుమ్మం దగ్గర చెప్పులు విప్పేదాకానే ఆ ఓపిక. మీ మీద చూపించకుండా దాచి తెచ్చిన విసుగంతా నాకే."

హాలు గొల్లుమంది. నీ మరదలు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"కైండ్ టు ఎ ఫాల్ట్ అని ఒకటుంది. తప్పు పట్టాల్సి వచ్చేంత మంచితనం. ఇందులో నేను తగ్గించగలిగింది లేదు. వార్డులో, చూడ్డానికి ఎవరూ రాని ఒక ముసలాయన కోసం మా ఇంటి రేడియో తీసుకెళ్లి ఇచ్చేసింది. నేను మ్యాచ్ వింటుండగా."

పెద్ద డాక్టరుగారు బల్ల మీద చరిచి మరీ నవ్వారు. నేను చివరిదానికి వచ్చాను.

"బియాండ్ మెజర్. కొలతకు అందనంత అని. నేను కొలతల మనిషిని. తాడు ఎంత అరిగిందో, తలుపుల మధ్య సందు ఎంతుందో కొలవనిదే ఎవరినీ లిఫ్టు ఎక్కనివ్వను. ఈమె నాకు ఎంత అన్నది కూడా కొలవాలనే చూశాను. నా దగ్గరున్నవేవీ చాల్లేదు."

కూచున్నాను. చెడగొట్టాననుకున్నాను. అంతలో కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. అందరూ లేచి నిలబడ్డారు అక్కా! చప్పట్లు. వంటమనిషి గరిటెతో తలుపు మీద వాయించాడు. నీ మేనకోడలు నోట్లో వేళ్లు పెట్టి ఈల వేసింది.

నీ మరదలు కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "ఇంత నోరు ఎక్కడ దాచారు మహానుభావా?"

"ఇంట్లోనే. నువ్వు సందిస్తే కదా."

ఇంటికొచ్చే దారిలో ఆగి, "ఆ చివరిది తెలుగులో చెప్పండి" అంది. చెప్పాను. ఏం చెప్పానో నీకు మాత్రం రాయను.

అక్కా, అచ్చంగా చెబుతున్నాను, పైసా పెంచి చెప్పడం లేదు: ఆ రాత్రి నేనూ చంద్రుడి మీదుగా దూకాను.

నీ తమ్ముడు
(ఆ పాత పేరు ఇక చెల్లదు)

తా.క. ఈరోజు పనులు: దుప్పట్ల సంగతి పైన రాశాను. మెట్ల దగ్గర బల్బు మార్చాను. వంటగది అల్మారా తలుపు వదులైంది, బిగిద్దామని స్క్రూడ్రైవర్ తీసేసరికి నీ మరదలు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "మాటల మారాజుగారూ, షికారుకి వస్తున్నారా, నన్నొక్కదాన్నే పొమ్మంటారా?" అంటోంది. ఆ తలుపు...